బి.ఫార్మసీ నాలుగేళ్లు ఎలా చదవాలి: ఎప్‌సెట్ నుంచి ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ దాకా

హైదరాబాద్‌లో బి.ఫార్మసీలో చేరే పిల్లల్లో చాలామంది ఇది మందుల పేర్లు బట్టీ కొట్టే కోర్సనుకుని వస్తారు. మొదటి సెమిస్టర్ ఇంటర్నల్స్ నాటికే ఆ భ్రమ వదులుతుంది. ఇది చేతులతోనూ లెక్కలతోనూ నడిచే చదువు. ల్యాబ్‌లో చేసిన ప్రతి పనికీ కారణం ఆ రోజే రాసుకున్నవాళ్లు, ప్రతి లెక్కనూ కాగితం మీద స్వయంగా చేసినవాళ్లు నాలుగేళ్లూ హాయిగా గట్టెక్కుతారు. మిగతావాళ్లకు సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. కింద చెప్పే ప్రతి పద్ధతీ ఈ ఒక్క అలవాటును నిలబెట్టడానికే.

సీటు కోసం

బైపీసీ వాళ్లు రాష్ట్ర ప్రవేశ పరీక్ష తెలంగాణ ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం రాయాలి. మొత్తం 160 ప్రశ్నలు, 3 గంటలు: బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. ఎంపీసీ వాళ్లు ఇంజనీరింగ్ విభాగం రాసి, ఆ ర్యాంకుతోనే ఫార్మసీ సీటు తెచ్చుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది ఎంపీసీ పిల్లలు అవకాశం పోగొట్టుకుంటున్నారు. డి.ఫార్మసీ డిప్లొమా పూర్తిచేసినవాళ్లకు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో ప్రవేశం ఉంటుంది.

ఫార్మసీ సీట్ల కౌన్సెలింగ్ సాధారణంగా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తర్వాతే జరుగుతుంది. ఈలోగా కంగారుపడి మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు కట్టేయకండి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవే. ఎదురుచూసే ఆ వారాల్లో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒకే ఫైలులో పెట్టుకోండి. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర చిక్కొస్తుంది, కొత్తది తీసుకోండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మీకు నిజంగా కావలసిన కాలేజీ మొదట ఉండాలి, సీటు వచ్చే అవకాశం ఎక్కువున్నది కాదు. కేటాయింపు మీ ర్యాంకు, మీరిచ్చిన వరుస చూసి జరుగుతుంది. పై ఆప్షన్‌లో సీటు దొరికితే కింద ఉన్నవాటిని అసలు చూడరు. సీటు రాకపోయినా పై ఆప్షన్ వల్ల నష్టమేమీ ఉండదు.

కాలేజీని ఎంచుకునేటప్పుడు ముందుగా ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో లేదో చూడండి. కౌన్సిల్ ఆమోదం లేని డిగ్రీతో ఫార్మసిస్టుగా రిజిస్టర్ కాలేరు. తర్వాత దూరం. నగరంలోని ఫార్మసీ కాలేజీల్లో చాలావరకు బాచుపల్లి, కండ్లకోయ, ఘట్‌కేసర్, మొయినాబాద్ లాంటి శివార్లలో ఉన్నాయి. ఎల్బీనగర్‌లో ఉండి బాచుపల్లి కాలేజీకి రోజూ బస్సులో వెళ్తే సాయంత్రం రికార్డు రాసే ఓపిక మిగలదు. ఆ దూరం నాలుగేళ్లు భరించాలని గుర్తుపెట్టుకుని ఆప్షన్ పెట్టండి. వీలైతే ఒకసారి వెళ్లి మూడో సంవత్సరం విద్యార్థులను రెండు విషయాలు అడగండి: ట్యాబ్లెట్ మెషీన్ మీద మీరే ట్యాబ్లెట్లు కొడతారా, సార్ చేసి చూపిస్తారా? హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పనిచేస్తోందా, గుడ్డ కప్పి ఉందా? ఆ జవాబుల్లో బ్రోచర్ చెప్పనిది తెలుస్తుంది.

మొదటి వారంలో చేయాల్సినవి

మీ యూనివర్సిటీ రెగ్యులేషన్ ప్రతి డౌన్‌లోడ్ చేసి మొత్తం చదవండి. ఉస్మానియా, జేఎన్‌టీయూ, స్వతంత్ర ప్రతిపత్తి ఉన్న కాలేజీలు, వీటి మధ్య కొన్ని తేడాలుంటాయి. మూలం మాత్రం ఫార్మసీ కౌన్సిల్ బి.ఫార్మ్ రెగ్యులేషన్లు. వాటి ప్రకారం థియరీ పేపరుకు 100 మార్కుల్లో ఇంటర్నల్ 25, సెమిస్టర్ చివరి పరీక్ష 75. ప్రాక్టికల్‌కు 50లో ఇంటర్నల్ 15, చివరి పరీక్ష 35. ఉత్తీర్ణతకు 50 శాతం కావాలి, ఇంటర్‌లోలాగా 35 కాదు. ఈ తేడా మనసులో నాటుకోక మొదటి సెమిస్టర్‌లో ఫెయిలయ్యేవాళ్లు ఉంటారు.

థియరీ ఇంటర్నల్ 25లో 10 మార్కులు రోజువారీ పనికి. అందులో హాజరుకే 4: 95 శాతం పైన ఉంటే 4, 90 పైన 3, 85 పైన 2, 80 పైన 1. 80 కంటే తగ్గితే సున్నా, పరీక్షకే అర్హత పోతుంది. ఊళ్లో పెళ్లిళ్లకు, పండగలకు ఎన్ని రోజులు పోతాయో సెమిస్టర్ మొదట్లోనే లెక్కేసుకోండి. దసరా సెలవులు కాలేజీ ఇచ్చినన్నే, మీరు కలుపుకున్నవి హాజరులోంచి పోతాయి.

కొనాల్సినవి కొన్నే. మోకాళ్ల దాకా వచ్చే ఫుల్ హ్యాండ్స్ కాటన్ ఏప్రన్ కావాలి. పాలిస్టర్ వద్దు, బర్నర్ దగ్గర కరిగి ఒంటికి అంటుకుంటుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్, సెమీలాగ్ గ్రాఫ్ పేపర్లు, గాజు మీద రాసే మార్కర్, ల్యాబ్ తుడుచుకునే పాత నూలు గుడ్డ ఉంటే చాలు. పుస్తకాలు కోఠీలో సెకండ్‌హ్యాండ్ దొరుకుతాయి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కూడా వెతకొచ్చు. అయితే ఫార్మకాలజీ (మందులు శరీరంలో పనిచేసే తీరు), జ్యూరిస్ప్రుడెన్స్ (మందుల చట్టాలు) పాత ఎడిషన్లు కొనకండి. మందులు, చట్టాలు మారుతుంటాయి. అనాటమీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ పాతవైనా నష్టం లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

పాఠం, పరీక్ష, వైవా అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. భయపడాల్సింది లేదు, కానీ మొదటి ఆరు వారాలు గట్టిగా కష్టపడాలి. రోజూ క్లాసులో విన్న పదాల్లో పది ఎంచుకుని, ఒకవైపు ఇంగ్లిష్ పదం, రెండోవైపు మీ మాటల్లో తెలుగు అర్థం రాయండి. విషయాన్ని తెలుగులో అర్థం చేసుకోండి, పక్కనున్న స్నేహితుడికి తెలుగులో చెప్పి చూడండి, జవాబు మాత్రం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకోండి. అర్థం కాకుండా ఇంగ్లిష్ పేరాలు బట్టీ పట్టడమే అన్నిటికంటే ప్రమాదం. వైవాలో ఒక్క ఎదురు ప్రశ్నకే దొరికిపోతారు.

మొదటి సెమిస్టర్‌లో బైపీసీ వాళ్లకు రెమిడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ వాళ్లకు రెమిడియల్ బయాలజీ ఉంటాయి. బైపీసీ పిల్లలు ఆ మ్యాథ్స్ పేపరును పాసైతే చాలని వదిలేయకండి. అందులో నేర్పే లాగరిథమ్స్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ మళ్లీ ఫిజికల్ ఫార్మస్యూటిక్స్‌లో చర్యావేగాల దగ్గర, ఆరో సెమిస్టర్‌లో ఫార్మకోకైనెటిక్స్‌లో (శరీరంలో మందు కదలికల లెక్కలు) ఎదురొస్తాయి. అప్పుడు మళ్లీ ఎవరూ నేర్పరు.

ల్యాబ్: ఒక టైట్రేషన్ ఎలా చదవాలి

టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా వదిలి తెలియనిదాన్ని కొలవడం. అలాంటి ఒక ప్రాక్టికల్‌ను పూర్తిగా విప్పి చూద్దాం. మొదటి సెమిస్టర్ ఫార్మస్యూటికల్ ఎనాలిసిస్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పరీక్ష ఉంటుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో చేస్తారు.

ముందు పర్మాంగనేట్ ద్రావణం. లీటరు నీటిలో 3.16 గ్రాములు కలిపితే 0.1 నార్మల్ గాఢత వస్తుంది. అయితే ఇది ప్రైమరీ స్టాండర్డ్ కాదు, అంటే తూచి కలిపినంత మాత్రాన కచ్చితమైన గాఢత రాదు. నీటిలో ఉండే కొద్దిపాటి సేంద్రియ మలినాలతో కూడా చర్య జరిపి కొంత మాంగనీస్ డయాక్సైడ్‌గా మారుతుంది. అందుకే వేడి చేసి, చల్లార్చి, గాజు ఉన్ని గుండా వడకట్టి, గోధుమరంగు సీసాలో పెడతారు. ఫిల్టర్ పేపరు వాడితే ఆ కాగితాన్నే ఆక్సీకరిస్తుంది.

ఆగ్జాలిక్ ఆమ్లంతో స్టాండర్డైజ్ చేసేటప్పుడు (అసలు గాఢత తేల్చేటప్పుడు) ఫ్లాస్కును 60 నుంచి 70 డిగ్రీలకు వేడి చేయాలి. గది ఉష్ణోగ్రతలో చర్య మరీ నెమ్మది. మరిగించకూడదు, ఆగ్జాలిక్ ఆమ్లం విడిపోతుంది. వేడిచేసినా మొదటి చుక్కల రంగు వెంటనే పోదు. చర్యలో పుట్టిన మాంగనస్ అయాన్లే తర్వాతి చర్యను వేగవంతం చేస్తాయి కాబట్టి కాసేపటికి అదే ఊపందుకుంటుంది. ఇది తెలియనివాళ్లు మొదటి చుక్క రంగు నిలిచిందని అక్కడే ఆపేస్తారు.

ఆమ్లంగా సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు? హైడ్రోక్లోరిక్ వాడితే పర్మాంగనేట్ దాన్ని క్లోరిన్‌గా ఆక్సీకరిస్తూ వృథా అవుతుంది, రీడింగ్ ఎక్కువొస్తుంది. నైట్రిక్ ఆమ్లం స్వయంగా ఆక్సీకారిణి, కాబట్టి రీడింగ్ తక్కువొస్తుంది. ఆమ్లం చాలకపోతే ఫ్లాస్కులో గోధుమరంగు మసక కనబడుతుంది, అది మాంగనీస్ డయాక్సైడ్. ఆ ఫ్లాస్కు పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇప్పుడు అసలు పరీక్ష. 10 మి.లీ. పెరాక్సైడ్ ద్రావణాన్ని 250 మి.లీ. వరకు పలచన చేసి, అందులోంచి 25 మి.లీ. ఫ్లాస్కులోకి తీసుకుని, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి టైట్రేట్ చేస్తారు. ఇక్కడ వేడి చేయకూడదు, పెరాక్సైడ్ విడిపోతుంది. ఆగ్జాలిక్‌కు వేడి ఎందుకు, పెరాక్సైడ్‌కు ఎందుకు వద్దు అన్నది వైవాలో తరచూ వచ్చే ప్రశ్న. వేరే సూచిక అక్కర్లేదు. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే అదే ఎండ్ పాయింట్. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారని అర్థం. ద్రావణం ముదురుగా ఉంటుంది కాబట్టి బ్యూరెట్‌లో కింది వంపు కనబడదు, పైఅంచు చూసి చదవాలి. మొదటి రీడింగ్, చివరి రీడింగ్ రెండూ ఒకే అంచు దగ్గర చదివితే తప్పు రాదు.

లెక్క: పెరాక్సైడ్ అణుభారం 34.01. ఈ చర్యలో అది రెండు ఎలక్ట్రాన్లు కోల్పోతుంది కాబట్టి తుల్యాంకభారం దాదాపు 17.01. అందుకే 1 మి.లీ. 0.1 నార్మల్ పర్మాంగనేట్ 0.001701 గ్రాముల పెరాక్సైడ్‌కు సమానం. ఈ అంకెను బట్టీ పట్టకండి, పుట్టించడం నేర్చుకోండి. ఈ ఒక్క పద్ధతి వస్తే సిలబస్‌లోని అన్ని పరీక్షల ఫ్యాక్టర్లూ మీరే రాసుకోవచ్చు. రీడింగ్ 35.0 మి.లీ. వచ్చిందనుకోండి: 35.0 × 0.001701 = 0.0595 గ్రాములు. పలచన చేసిన 25 మి.లీ.లో అసలు ద్రావణం 1 మి.లీ.యే ఉంది. అంటే నూరు మి.లీ.కి 5.95 గ్రాములు. మీకిచ్చింది 20 వాల్యూమ్ పెరాక్సైడ్ (1 మి.లీ. నుంచి 20 మి.లీ. ఆక్సిజన్ వచ్చేది) అయితే అందులో సుమారు 6 శాతం ఉండాలి కాబట్టి సరిపోయింది. మీ జవాబు 0.6 శాతమో 60 శాతమో వచ్చిందంటే పలచన దగ్గర పొరపాటు చేశారు, టైట్రేషన్‌లో కాదు. ముందు అక్కడ వెతకండి.

ఇంకొన్ని చేతి అలవాట్లు. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే కడగాలి. కోనికల్ ఫ్లాస్కును మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. ఫ్లాస్కును నమూనాతో కడిగితే గోడలకు అంటుకున్న అదనపు నమూనా రీడింగ్‌ను పెంచుతుంది. బ్యూరెట్ కొనలో గాలిబుడగ ఉంటే టైట్రేషన్ మధ్యలో అది బయటికొచ్చి అంత మేర ఎక్కువ చూపుతుంది. పిప్పెట్ చివర మిగిలే చుక్కను ఊదకండి, కొనను ఫ్లాస్కు గోడకు తాకించి వదిలేయండి. ఆ చుక్కను లెక్కలోకి తీసుకోకుండానే పిప్పెట్ గుర్తు వేశారు. వరుసగా రెండు రీడింగులు 0.1 మి.లీ. తేడాలోపు కలిసేదాకా ఆపకండి. పక్కవాడి రీడింగ్ ఎత్తి రాసుకుంటే పరీక్షలో తెలియని నమూనా ఇచ్చినప్పుడు చేయి ఆడదు.

ఫార్మస్యూటిక్స్ ల్యాబ్‌లో తేడా వచ్చే చోట్లు

ఎమల్షన్‌లో (నూనె, నీరు విడిపోకుండా కలిపే మిశ్రమం) ఎక్కువమంది మొదటి అడుగులోనే చెడగొడతారు. డ్రై గమ్ పద్ధతిలో మూల ఎమల్షన్‌కు నూనె, నీరు, అకేషియా గమ్ నిష్పత్తులు: ఆముదం లాంటి స్థిర తైలాలకు 4:2:1, లిక్విడ్ పారఫిన్‌కు 3:2:1, సుగంధ తైలాలకు 2:2:1. అంటే 15 మి.లీ. లిక్విడ్ పారఫిన్‌కు 10 మి.లీ. నీరు, 5 గ్రాముల గమ్. మీకిచ్చిన ఫార్ములాలో వేరే పరిమాణం ఉంటే దాన్నే పాటించండి.

మోర్టార్, నూనె కొలిచే కొలపాత్ర పూర్తిగా పొడిగా ఉండాలి. తడి తగిలిన గమ్ ఉండలు కడుతుంది. నూనెలో గమ్ కలిపి, వేరే కొలపాత్రలో ముందే కొలిచి పెట్టుకున్న నీరు మొత్తం ఒకేసారి పోసి, ఒకే దిశలో వేగంగా, గట్టిగా నూరాలి. రెండు మూడు నిమిషాలకు తెల్లబడి, పటపటమని శబ్దం వస్తే మూల ఎమల్షన్ కుదిరినట్టు. నీటిని కొద్దికొద్దిగా పోస్తే నీటిలో నూనె కాక నూనెలో నీరు ఏర్పడే ప్రమాదం ఉంది. అప్పుడు పలచన చేయగానే విరిగిపోతుంది. ఉపరితలం మీద నూనె చారలు కనిపిస్తే దాన్ని బాగుచేయాలని చూడకండి. కొత్త మోర్టార్‌తో మళ్లీ మొదలుపెట్టడమే తక్కువ సమయం తీసుకుంటుంది.

సపోజిటరీల (మలద్వారం గుండా పెట్టే మందు కడ్డీలు) దగ్గర తప్పేది లెక్క. ఒక్కొక్కదానిలో 400 మి.గ్రా. జింక్ ఆక్సైడ్ ఉండేలా 1 గ్రాము అచ్చులో 10 సపోజిటరీలు చేయాలి. జింక్ ఆక్సైడ్ డిస్‌ప్లేస్‌మెంట్ విలువ 4.7, అంటే 4.7 గ్రాముల జింక్ ఆక్సైడ్ 1 గ్రాము కోకో బటర్ చోటును ఆక్రమిస్తుంది. అంటిపెట్టుకుని పోయే నష్టానికి 12కి లెక్కేయండి. జింక్ ఆక్సైడ్ 4.8 గ్రాములు, అది తొలగించే బేస్ 4.8 ÷ 4.7 = 1.02 గ్రాములు. కావలసిన కోకో బటర్ 12 − 1.02 = 10.98 గ్రాములు. చాలామంది 12లోంచి నేరుగా 4.8 తీసేస్తారు. అప్పుడు అచ్చులు నిండవు, ఒక్కొక్కదానిలో మందు మోతాదు మారిపోతుంది.

కోకో బటర్‌ను గోరువెచ్చని నీటిపై మెల్లగా కరిగించాలి. పూర్తిగా పారదర్శకమయ్యేదాకా వేడిచేస్తే తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే అస్థిర రూపాలుగా మారి, అచ్చులో ఎంతకీ గట్టిపడదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ల్యాబ్ గది వేడికే ఇబ్బంది అవుతుంది, అచ్చును ముందే ఐసు నీటిలో చల్లబరచండి.

క్లోరైడ్ మలినం హద్దు దాటిందేమో చూసే లిమిట్ టెస్ట్‌లో నమూనా, ప్రమాణ ద్రావణం ఉన్న రెండు నెస్లర్ సిలిండర్లకూ (పోల్చి చూసే గాజు గొట్టాలు) అన్నీ ఒకే వరుసలో, ఒకే సమయంలో కలపాలి. సిల్వర్ నైట్రేట్ ఒకదానిలో ఇప్పుడు, ఇంకోదానిలో మూడు నిమిషాల తర్వాత వేస్తే పోల్చడానికి అర్థమే ఉండదు. నైట్రిక్ ఆమ్లం వేసేది కార్బొనేట్, ఫాస్ఫేట్ లాంటివి సిల్వర్‌తో అవక్షేపం ఇవ్వకుండా. వెలుతురు తగలకుండా ఐదు నిమిషాలు ఉంచి, నల్లని నేపథ్యం ముందు పక్కనుంచి అడ్డంగా చూడాలి.

రికార్డు, వైవా

ల్యాబ్ నుంచి ఇంటికొచ్చిన రోజే అబ్జర్వేషన్ బుక్‌లో ప్రతి రసాయనం పక్కన 'ఇది లేకపోతే ఏమవుతుంది' అని ఒక వాక్యం రాయండి. పావుగంట పని. కౌన్సిల్ పద్ధతిలో చివరి ప్రాక్టికల్ పరీక్ష 35 మార్కుల్లో సినాప్సిస్‌కు (క్లుప్తంగా రాసే సారాంశం) 5, ప్రయోగానికి 25, వైవాకు 5. సినాప్సిస్, వైవా కలిపి 10 మార్కులు, ప్రయోగం కాస్త అటూ ఇటూ అయినా ఆ వాక్యాలే మిమ్మల్ని కాపాడతాయి. రికార్డు నెలాఖరున ఒకేసారి కాపీ కొడితే చేయి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

రెండు, మూడు సంవత్సరాల సబ్జెక్టులు

ఫార్మకాలజీ నాలుగో సెమిస్టర్‌లో మొదలవుతుంది. దానికి ముందు మొదటి ఏడాది ఫిజియాలజీలోని అటానమిక్ నాడీవ్యవస్థ, మూత్రపిండాలు, గుండె మళ్లీ చదవండి. మందును మందుగా కాక, శరీరంలోని ఒక దారిని అది ఎక్కడ ఆపుతుందో చూసి చదవాలి. ఎనలాప్రిల్ తీసుకోండి. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారుచేసే ఎంజైమును ఆపుతుంది, రక్తపోటు తగ్గుతుంది. అదే ఎంజైము బ్రాడీకైనిన్‌ను కూడా విరగ్గొడుతుంది. ఎంజైము ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది, అందువల్ల పొడిదగ్గు వస్తుంది. లోసార్టాన్ ఎంజైమును ముట్టుకోకుండా, యాంజియోటెన్సిన్ కణం మీద అతుక్కునే రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది కాబట్టి ఆ దగ్గు అరుదు. ప్రొప్రనలాల్ ఆస్తమా రోగికి ఎందుకు ఇవ్వకూడదంటే అది గుండెలోని బీటా-1 రిసెప్టర్లతోపాటు ఊపిరితిత్తుల్లోని బీటా-2 రిసెప్టర్లను కూడా అడ్డుకుని శ్వాసనాళాలను బిగిస్తుంది. ఇలా చదివితే దుష్ప్రభావాల జాబితా విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేరు చివరి అక్షరాలు కూడా సాయం చేస్తాయి: ప్రిల్, సార్టాన్, ఒలాల్, ప్రజోల్, స్టాటిన్.

మెడిసినల్ కెమిస్ట్రీకి ఒకటే మార్గం, రోజుకు ఐదు నిర్మాణాలు చూడకుండా గీయడం. పరీక్ష ముందు రాత్రి వంద నిర్మాణాలు తలకెక్కవు. సింథసిస్ ల్యాబ్‌లో దిగుబడి లెక్క తప్పకుండా చేయండి. 2 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం నుంచి సిద్ధాంతపరంగా 2.61 గ్రాముల ఆస్పిరిన్ రావాలి. 3 గ్రాములు వచ్చిందంటే మీ నైపుణ్యం కాదు, అది ఇంకా ఆరలేదు. ఫెరిక్ క్లోరైడ్ వేస్తే ఊదారంగు వచ్చిందంటే సాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలుంది. పాత్రలో తడి ఉంటే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ నీటితోనే ఖర్చయిపోతుంది.

ఫార్మకాగ్నసీకి (మొక్కల నుంచి వచ్చే మందుల చదువు) బేగంబజార్ వెళ్లండి. సునాముఖి, కరక్కాయ, సోంపు, దాల్చినచెక్క, లవంగాలు తలా కొంచెం కొని, వాసన చూసి, నమిలి, విరిచి చూడండి. పరీక్షలో గుర్తించాల్సిన నమూనాలు చేతిలో ఆడినవైతే మర్చిపోరు. పొడిని సూక్ష్మదర్శినిలో చూసేటప్పుడు ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో లిగ్నిన్ ఎర్రబడుతుంది, అయోడిన్‌తో పిండిపదార్థం నీలమవుతుంది.

ఫార్మకోకైనెటిక్స్ లెక్కలుండే బయోఫార్మస్యూటిక్స్‌కు బైపీసీ వాళ్లు భయపడతారు, నిజానికి లెక్కలన్నీ నాలుగు సూత్రాల చుట్టూ తిరుగుతాయి. 500 మి.గ్రా. రక్తనాళంలోకి ఇచ్చాక మొదటి సాంద్రత లీటరుకు 10 మి.గ్రా. అయితే వ్యాప్తి ఘనపరిమాణం 50 లీటర్లు. విసర్జన రేటు స్థిరాంకం గంటకు 0.1 అయితే అర్ధాయువు 0.693 ÷ 0.1 = 6.93 గంటలు, క్లియరెన్స్ 50 × 0.1 = గంటకు 5 లీటర్లు. అంకెలు మార్చుకుంటూ రోజుకు ఒక లెక్క చేయండి. సెమీలాగ్ గ్రాఫ్ మీద వాలును 2.303తో గుణించడం మర్చిపోవడమే ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

ఐదో సెమిస్టర్ ఇండస్ట్రియల్ ఫార్మసీ మీకు ఉద్యోగం తెచ్చే సబ్జెక్టు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఇంటర్వ్యూకి వెళ్తే మొదట అడిగేది ఇందులోంచే. ట్యాబ్లెట్ పైకప్పు ఊడిపోతే క్యాపింగ్: గ్రాన్యూల్స్ మరీ ఎండిపోవడం, మెత్తని పొడి ఎక్కువవడం, గాలి చిక్కుకోవడం కారణాలు. పంచ్‌కు అంటుకుంటే గ్రాన్యూల్స్‌లో తేమ ఎక్కువ. బరువు తేడా పరీక్షకు 20 ట్యాబ్లెట్లు, 250 మి.గ్రా.కు పైబడినవాటికి 5 శాతం హద్దు, రెండింటికి మించి ఆ హద్దు దాటకూడదు, ఒక్కటి కూడా దానికి రెట్టింపు దాటకూడదు. ఫ్రయబిలిటీ (తిప్పినప్పుడు పొడిగా రాలే బరువు) 100 తిప్పులకు 1 శాతం లోపు. పూత లేనివి 15 నిమిషాల్లో విడిపోవాలి. ఈ అంకెలు మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా నుంచే చదవండి, జిరాక్స్ నోట్సు నుంచి వద్దు. లైబ్రరీలో అది ఉండి తీరాలి.

పరీక్ష రాయడం, బ్యాక్‌లాగ్‌లు

కౌన్సిల్ నమూనాలో 75 మార్కుల పేపరు ఇలా ఉంటుంది: చిన్న ప్రశ్నలకు 20, మూడింటిలో రెండు పెద్ద ప్రశ్నలు పదేసి మార్కులకు, తొమ్మిదింటిలో ఏడు ఐదు మార్కులకు. ఐదు మార్కులవే మొత్తం 35. కాబట్టి రెండు పెద్ద ప్రశ్నల మీద గంటన్నర గడపకండి. పదికి 20 నిమిషాలు, ఐదుకు 12 నిమిషాల లెక్కన రాయండి. నిర్మాణం, చార్టు, పట్టిక ఉన్న జవాబుకు తక్కువ రాసినా మార్కు వస్తుంది.

బ్యాక్‌లాగ్‌ల సంగతి: ఒకటి, రెండు సెమిస్టర్ల సబ్జెక్టులన్నీ పూర్తయితేగానీ ఐదో సెమిస్టర్ క్లాసులకు అర్హత లేదు. నాలుగో సెమిస్టర్ వరకు అన్నీ పూర్తయితేగానీ ఏడుకు పోలేరు. సప్లీ రాయాల్సి వస్తే ముందు ఆర్గానిక్ కెమిస్ట్రీ, అనాటమీ తీసేయండి. వాటి మీదే తర్వాతి సబ్జెక్టులు కట్టి ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ ప్రతి ఏడాదీ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, కాలేజీ చేస్తుందిలే అని ఊరుకుంటే చివరి ఏడాది సర్టిఫికెట్ల దగ్గర బాకీ తేలుతుంది.

ఆరో సెమిస్టర్ తర్వాత

ఆరో సెమిస్టర్ పరీక్షల తర్వాత నాలుగు వారాల్లో 150 గంటల శిక్షణ పరిశ్రమలోగానీ ఆస్పత్రిలోగానీ చేయాలి. సర్టిఫికెట్ కొనుక్కోకండి. ఫ్యాక్టరీలో అడుగుపెట్టి బ్యాచ్ రికార్డు ఎలా నింపుతారో, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ ఎందుకు వేస్తారో చూస్తే క్వాలిటీ అస్యూరెన్స్ పేపరు మొత్తం అర్థమవుతుంది.

ఎం.ఫార్మసీ చేయాలంటే జాతీయ ప్రవేశ పరీక్ష జీప్యాట్‌కు ఏడో సెమిస్టర్ నుంచే సిద్ధమవండి. 125 ప్రశ్నలు, 500 మార్కులు, ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. ఇక్కడ ఎప్‌సెట్‌లాగా ఊహించి నింపకూడదు. బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌కు వెళ్లాలన్నా ముందు జీప్యాట్‌లో అర్హత కావాలి. రాష్ట్రంలోని మిగతా కాలేజీలకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కూడా ఉంది.

పై చదువు చదివినా చదవకపోయినా, డిగ్రీ చేతికి రాగానే తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవండి. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే హక్కు రిజిస్టరైన ఫార్మసిస్టుకే ఉంది. రిజిస్ట్రేషన్ వచ్చిన కొన్నాళ్లకే మెడికల్ షాపుకు సర్టిఫికెట్ అద్దెకిస్తారా, నెలకింత ఇస్తామని ఎవరో అడుగుతారు. ఇవ్వకండి. ఆ కౌంటర్‌లో తప్పుడు మందు ఇస్తే లైసెన్సు మీద ఉండేది మీ పేరు. మీరు నిలబడి పనిచేసే చోటే మీ సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. రెన్యువల్ తేదీ ఫోన్‌లో పెట్టుకుని గడువుకు ముందే చేయించుకోండి.